చైర్మన్ ఇంటి బావి

...అయినా ఎడమ వైపుకా, కుడి వైపుకా? ఎడమ వైపుకే అని ఆయన చెప్పిందే చెప్పాడు. ఎడమ వైపుకు తిప్పాలి, మెల్లగా, ముఖం ఫోటో తీసేవాడి దిక్కు పెట్టి. నీళ్లు ఎగజిమ్మితే చీర తడుస్తుందని వెనక్కి జరగకూడదు. జరిగితే ఫోటోలో బెదిరినట్టు పడుతుంది. చైర్మన్ భార్య నల్లా ముందు బెదరకూడదు.

నర్మద పట్టుచీర కట్టుకుని వంటింటి గడపలో నిలబడి ఇదే ఆలోచిస్తున్నది. పెరట్లో అత్త కిష్టవ్వ తెల్లవారినప్పటి నుంచి బావి గద్దె మీద కూర్చుని లేవడం లేదు. గేటు దగ్గర మేస్త్రి హనుమండ్లు, కూలీలు, మొరం నింపిన బండి. మొగుడు, మునిసిపల్ చైర్మన్ బుచ్చిరాములు, కండువా సర్దుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇంత జరుగుతుంటే తన మనసు పోయి నల్లా చెవి మీద వాలింది.

భయం వేస్తే తన మనసు ఇట్లాగే చేస్తుంది. పెద్దదాన్ని వదిలేసి చిన్నదాన్ని పట్టుకుంటుంది. మంథనిలో తండ్రి చనిపోయిన రోజు కూడా వచ్చినవాళ్లు విడిచిన చెప్పులు ఏ జత ఎవరిదో పోల్చుకుంటూ కూర్చుంది. ఏడుపు నెల తర్వాత వచ్చింది.

"అవ్వా, ఇగ లే. నాలుగు గంటలకు మంత్రి వస్తుండు" అన్నాడు బుచ్చిరాములు.

"రానీ. నేనేమన్న తొవ్వ మీద కూసున్ననా? నా ఇంట్ల నా బావి మీద కూసున్న."

"ఆ బావే గదా పూడ్వాల్సింది!"

"అందుకేగా కూసున్న."

కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. బుచ్చిరాములు ఆ వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

కోర్టులో వకీలుగా ఆయన బి. రాములు. బోర్డు మీద, మునిసిపాలిటీ గోడ మీది చలువరాయి మీద కూడా అంతే. 'బుచ్చి' అన్నది ఊళ్లో ఒక్క తల్లి నోట్లోనే మిగిలింది. ఆ తల్లితో అందరి ముందు గట్టిగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. చేతకాకపోవడం ఆయనకు అలవాటు లేదు. అందుకే మెడ నరం ఉబ్బి ఉంది.

"జర నా మాట విను. గా ఎదురుపార్టీ రాయమల్లు మీటింగ్‌ల లేచి ఏమన్నడో ఎరుకేనా? మల్లారంపేట బావులన్నీ పూడ్పిస్తివి, నీ ఇంటి బావి ఏమన్న గంగమ్మ తీర్థమా అన్నడు. ఇయ్యాల మంత్రిని నేరుగ గీ పెరట్లకే తోలుకొస్తడట."

"తోలుకరానీ. మంత్రికి దూప అయితే ఇన్ని నీళ్లు పోస్త."

"నువ్వు రాయమల్లు దిక్కా, నా దిక్కా?"

"నేను బావి దిక్కురా."

నర్మదకు నవ్వు రాబోయింది. పెదవి లోపలి వైపు కొరుక్కుంది.

రెండేళ్ల కింద కలరా గత్తర వచ్చి ఊళ్లో ఇంటింటికీ పాడె కట్టినప్పుడు, పాపం, ఆయన నిద్ర పోలేదు. హైదరాబాద్ దాకా తిరిగి డాక్టర్లను తెచ్చాడు. బావుల్లోనే రోగం ఉందని వాళ్లు చెప్పారు. అప్పుడు ఆయన మునిసిపల్ మీటింగ్‌లో నిలబడి, మానేరు నీళ్లు పైపుల్లో తెప్పిస్తాను, నల్లాలు తెరిచే నాటికి ఊళ్లో ఒక్క బావి ఉండకూడదు అన్నాడు. అందరూ చేతులెత్తారు. ఆ రోజు ఆమె కూడా తలుపు చాటున నిలబడి ఆయన్ని చూసి గర్వపడింది. ఆ గర్వం ఏ రోజు పోయిందో గుర్తు పట్టలేకపోతున్నది. ఒక్క రోజులో పోలేదు. బట్ట రంగు వెలిసినట్టు పోయింది.

"అవ్వా, మొండికెయ్యకు. నల్లా నీళ్లు వస్తున్నయి. బావి ఎందుకిగ?"

"వస్తున్నయా?" కిష్టవ్వ కొడుకు ముఖంలోకి చూసింది. "కామునిపున్నమ కెల్లి నల్లా తిప్పితే పిల్లి చీదినట్టు చీదుతుంది. ఇయ్యాల కోడి కూసే యాల్లకు డ్రమ్ముల బండ్లు పెట్టి నా బావి నీళ్లు తోడుకపోయినవు. ఏడ వోసినవురా గా నీళ్లు?"

బుచ్చిరాములు కండువా మళ్లీ సర్దుకున్నాడు.

జవాబు చెప్పనవసరం లేదు. గేటు దగ్గరున్న కూలీలకూ తెలుసు, బండ్లు తోలింది వాళ్లే. ఆ నీళ్లు కొత్తగా కట్టిన వాటర్ ట్యాంకులో ఉన్నాయి. నాలుగు గంటలకు ప్రారంభోత్సవంలో, చౌరస్తాలో నర్మద నల్లా తిప్పగానే అవే దుంకుతాయి. మంత్రి దోసిలి పట్టి తాగుతాడు. చప్పట్లు కొడతారు. ఇంటి బావి నీళ్లు ఊరంతా తిరిగి మానేరు నీళ్లై వస్తాయి. ఆ బావి నోరు ఆలోపల మూయాలి.

కిష్టవ్వ అడగటం ఆపలేదు. "బుచ్చిగా, ఎండకాలం నిన్ను సంకనేసుకొని ఇసుకల నడిచి, గా ఒడ్డు పొంటి చెలిమె తోడి నీకు నీళ్లు తాపిన. మానేరు వానకాలం గీ ఒడ్డు రాసుకుంట వోతది, ఎండకాలం గా ఒడ్డుకు జరుగుతది. పాలు తాగే పొల్లగానికి గూడ తెలుసు. నువ్వు మరి పంపు గీ ఒడ్డున ఎందుకు పెట్టిస్తివి?"

"ఇంజనీరు పెట్టిండు."

"ఇంజనీరు గా ఒడ్డునే అన్నడట గద."

"గా ఒడ్డున ఉంటే ఎవనికి కనవడతదే!" అనేశాడు బుచ్చిరాములు. అన్నాక నోరు మూసుకున్నాడు.

అదీ సంగతి. ఈ ఒడ్డున హుజూరాబాద్ బస్సు పోయే సడక్ ఉంది. పంపుహౌస్ సున్నం కొట్టించుకుని, పెద్ద అక్షరాల పేరు రాయించుకుని బస్సులో పోయేవాళ్లకు కనబడుతుంది. దాని పైపు మూతి ఎండిన ఇసుకలో ఉంది.

ఎండ బావి గిరక మీద తళతళలాడింది.

వెనక తలుపు చప్పుడైంది. మూడుసార్లు తట్టడం, తర్వాత దగ్గు. మిషన్ వాడ మగ్దలేనమ్మ. మిషన్ దవాఖానలో ఆయా. మల్లారంపేటలో మొట్టమొదట పూడ్చింది మిషన్ వాడ బావినే. మొదటి తట్ట బుచ్చిరాములే ఎత్తి పోశాడు. 'నల్లాకు కులం లేదు' అని ఆ రోజు చెప్పిన మాట ఇప్పటికీ గోడల మీద ఉంది. అప్పటి నుంచి మగ్దలేనమ్మ రోజూ ఈ వెనక తలుపు దగ్గర బిందె పెట్టి దూరం జరుగుతుంది. నర్మద తోడి, ఎత్తు నుంచి పోస్తుంది. కిష్టవ్వ చూసీ చూడనట్టుంటుంది. అంత వరకే. బిందె గద్దెకు తగలకూడదు. చేద ఆమె ముట్టకూడదు.

"అమ్మా, నర్మదమ్మా! జర బిరాన పొయ్యి. మా ఇంటాయన తోమాసుకు రాత్రి కెల్లి ఒకటే వాంతులు, విరేచనాలు. డాక్టరమ్మ మరుగవెట్టిన నీళ్లు పట్టుకుంటనే ఉండుమన్నది."

"మళ్ల గత్తరనా?" అంది కిష్టవ్వ.

"ఏం రోగమో పేరు పెట్టలే అవ్వా. పొద్దుగాల మునిసిపాలిటోడు వచ్చి నీళ్లు మరుగవెట్టుకొని తాగున్రి అని డప్పు గొట్టి పోయిండు. ఏం మరుగవెట్టాలె? నల్లాల గాలి పట్టి మరుగవెట్టాల్నా?"

బుచ్చిరాములు ఆ గొంతు వైపు తిరిగాడు. మెడ మీది నరం మెల్లగా దిగింది. కోర్టులో ఎదుటి పక్షం సాక్షి మాట తడబడినప్పుడు ఆయన ముఖం ఇట్లా విచ్చుకుంటుందట, గుమాస్తా చెప్పేవాడు. నర్మద ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది.

"నర్మదా, లోపలికి రా" అన్నాడు.

ముందు గదిలో గోడకు పెద్ద నక్షా వేలాడుతున్నది. కింద 'రేపటి మల్లారంపేట' అని రాసి ఉంది. నీలం గీతలు పైపులు, ఎర్ర గీతలు సడకులు, చౌరస్తాలో గుండ్రంగా ఫౌంటెన్. వచ్చిన వాళ్లందరికీ ఆయన దీన్ని చూపుడువేలితో చూపిస్తాడు. ఆ వేలి వెంట పోతూ పోతూ నిజంగానే ఊరు కనబడేది ఆమెకు. పిల్లలు తెల్లబట్టలు వేసుకుని తిరిగే ఊరు.

"మగ్దలేనమ్మను లోపలికి పిలుస్త" అన్నాడు గొంతు తగ్గించి. "చేద ఆమెతోనే తోడిపిస్త. అవ్వ తనంతట తనే లేస్తది. ఆమె ముట్టిన బావి మీద అవ్వ రెప్పపాటు గూడ కూసోదు. ఎవ్వరు చెయ్యి పట్టి గుంజే పని లేదు. లొల్లి లేదు."

నర్మదకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక తలెత్తింది.

"నల్లాకు కులం లేదని మీరే గద..."

"నల్లాకు లేదు. అవ్వకున్నది. ఉన్నదాన్ని వాడుకోవాలె. ఆమెకు నీళ్లు దొరుకుతయి, అవ్వ లేస్తది, బావి పూడుతది. ఎవ్వరికి నష్టం?"

"రేపు?"

"రేపేంది?"

"రేపు తోమాసుకు నీళ్లు..."

ఎప్పటిలాగే వాక్యం సగంలో ఆగింది. ఆయన ముందు ఆమె వాక్యాలన్నీ సగంలోనే ఆగుతాయి. మిగతా సగం ఆయనే పూర్తి చేస్తాడు, తనకు కావలసినట్టు.

"వానలు వడితే మానేరు ఇటే వస్తది. రెండు నెలలు. పెద్ద పనులకు జర ఓపిక గావాలె నర్మదా. ఊరు ఒక్కరోజుల తయారైతదా?"

ఆమె కళ్లు నక్షా మీదే ఉన్నాయి. మిషన్ వాడ కోసం వెతికాయి. చర్చి ఉండాల్సిన దగ్గర చర్చి లేదు. ఇండ్లు లేవు. అక్కడంతా పచ్చ రంగు పూసి, 'పార్కు' అని రాసి ఉంది. ఇన్నాళ్లు రోజూ తుడిచిన నక్షా ఇది. తుడిచే గుడ్డ ఆ పచ్చదనం మీద నుంచే పోయేది.

ఆయనంటే కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. బస్సులో పక్క సీట్లో కూర్చున్న ఎవరో మనిషిని చూసినట్టుంది. ఎక్కడ దిగుతాడో తనకు పని లేనట్టు. కోపం కంటే ఇదే ఎక్కువ భయపెట్టింది.

పెరట్లోకి వచ్చేసరికి ఆయన వెనక తలుపు బార్లా తెరిచాడు.

"రా, మగ్దలేనమ్మా! గడప అవతల ఎందుకు? లోపలికి రా. నీ చేతులతోనే తోడుకో."

మగ్దలేనమ్మ కదల్లేదు. చైర్మన్‌ని చూసింది. గద్దె మీది ముసలామెను చూసింది. గేటు దగ్గరి మొరం బండిని చూసింది. చూస్తూ చూస్తూ ఆమె ముఖం గట్టిపడింది.

"ఇన్ని దినాలు లేని ప్రేమ ఇయ్యాల ఏందుల్లా సారూ?"

"ప్రేమ గాదు, హక్కు. గీ ఇంట్ల గసొంటి భేదాలు లేవు."

"అట్లనా! కాకిని కొట్టనీకి రాయి ఏరుకున్నట్టు నన్ను ఏరుకున్నరు. మీ అవ్వను మీరు లేపుకోరాదున్రి? మధ్యల నా చెయ్యెందుకు?"

కొడుకు ఎత్తు కిష్టవ్వకు అప్పుడు తెలిసింది. ఆమె కొడుకు వైపు తిరిగిన తీరు నర్మద మర్చిపోలేదు. తిట్టలేదు. పసివాడు తప్పిపోతే వెతికినట్టు ఆ ముఖంలో ఏదో వెతికింది.

"గింత తెలివి నీకు నేను పోసిన పాలల్ల రాలేదురా బుచ్చిగా" అంది చివరికి. తర్వాత మగ్దలేనమ్మ వైపు తిరిగింది. గొంతు మారిపోయింది. "బిడ్డా, ముట్టకే. నీ కాళ్లు మొక్కుత, చేద ముట్టకు. నువ్వు ముడితే నేను లేవాలె."

"లేవకుంట కూసోరాదా అవ్వా?"

"నా తోని గాదు."

"ఎందుకు గాదు? కాన్పుల నీ మనుమడు కాళ్లు ముందటవెట్టి వస్తుంటే దవాఖానల గుంజి తీసినవి గీ చేతులే. గప్పుడు నర్మదమ్మ మంచం పట్టె పట్టుకొని ఏడ్చుకుంట కూసుంటివి. లేచి పోలే గద."

"గది దవాఖాన. ఇది నా ఇల్లు." కిష్టవ్వ రెండు చేతులతో గద్దెను పట్టుకుంది. "డెబ్బై ఏండ్ల పానమే. నేను వద్దన్నా కాళ్లు లేస్తయి. నీకు చెప్తే తెల్వదు."

"తెల్వకేం! మీ కాళ్లు లేసినప్పుడల్లా జరిగి నిలవడ్డది మేమే గద."

బుచ్చిరాములు చేద తీసుకుని తాడుతో సహా మగ్దలేనమ్మ ముందు నేల మీద పెట్టాడు. "నీ మొగనికి నీళ్లు గావాల్నా, వద్దా?"

మగ్దలేనమ్మ చేద వైపు చూడలేదు. నర్మద వైపు చూసింది.

"నువ్వు తోడి పోస్తవా అమ్మా? రోజు లెక్కనే? పోస్తనంటే నేను అవుతలికే వోత. ఈ ముసలామెతోని నాకు పగ లేదు."

"నర్మద తోడది" అన్నాడు బుచ్చిరాములు. "తోడుకుంటే నువ్వే తోడుకోవాలె. లేకుంటే లేదు."

"నేను సారును అడుగలే. అమ్మను అడిగిన."

పోస్తాను అనాలి. ఒక్క మాట. నర్మద నాలుక కదిలింది. నల్లా ఎడమ వైపుకా, కుడి వైపుకా అన్నది మళ్లీ వచ్చి బుర్రలో కూర్చుంది. దాన్ని పక్కకు నెట్టే లోపల, మేస్త్రి తలపాగా ఎంత మురికిగా ఉందో కనబడింది. పెద్దదాని దగ్గరికి పోవడానికి ఎన్ని చిన్నవాటిని దాటాలి? మాట గొంతు దాకా వచ్చి, ఆయన గొంతు కోసం ఆగింది. పూర్తి చేసేవాడు రావాలి కదా.

మగ్దలేనమ్మ చాలాసేపు చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుంది.

"సరే అమ్మా. మీరు మీరు మంచిగుండున్రి. నా మొగడు నాలిక పిడుచ కట్టి పండుకున్నడు."

వంగి చేద తీసుకుంది. బావి దగ్గరికి నడిచింది. తాడు గిరక మీద వేసి వదిలింది. నీళ్లు అడుగున ఉన్నాయేమో, చాలాసేపటికి గాని చప్పుడు రాలేదు.

కిష్టవ్వ కళ్లు మూసుకుంది. గద్దెను పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. గిరక తిరుగుతూనే ఉంది. ఒక్క క్షణం నర్మదకు ఆశ కలిగింది. అత్త లేవదేమో.

కిష్టవ్వ లేచింది. మోకాలి మీద చెయ్యి ఆనించి, నడుము నిలబెట్టుకుని, ఎవరో రెక్క పట్టి లేపినట్టు లేచింది. కండ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. దూరంగా పోయి దానిమ్మ చెట్టు కింద నిలబడింది.

"ఇగ తానం జెయ్యాలె గదా అవ్వా?" మగ్దలేనమ్మ చేద పైకి లాగుతూ అంది. "నీళ్లు ఏడికెల్లి తెస్తవు? ఉన్నవి నా చేతుల ఉన్నయి."

కిష్టవ్వ కొంగుతో కండ్లు ఒత్తుకుంది.

చేదలో వచ్చింది సగం నీళ్లు, సగం బురద. తెల్లవారుజామున తోడింది ఇంకా ఊరలేదు. మగ్దలేనమ్మ కొంగు అడ్డం పెట్టి బిందెలోకి వడపోసింది. బిందె నిండటానికి ఇంకా చాలా చేదలు కావాలి.

"కానీ హనుమండ్లు" అన్నాడు బుచ్చిరాములు.

"సాబ్, జర ఆమె బిందె నిండనియ్యున్రి..."

"టైము లేదు. అవుతలి పక్క కెల్లి మొదలువెట్టు. రాయి ముందు వెయ్యి, మొరం తర్వాత."

కూలీలు గేటు దాటి లోపలికి వచ్చారు. ముందున్న వాడి నెత్తి మీద రాళ్ల తట్ట. మగ్దలేనమ్మ మళ్లీ చేద వదిలింది, తొందర తొందరగా. వీధిలో జీపు హారన్ మోగింది.

"నర్మదా, నడువు. మునిసిపాలిటీ జీపు వచ్చింది. ముఖం తుడుసుకో. చౌరస్తాల అందరు..."

ఆయన ఆగాడు. నర్మద ఆయన వైపు రావడం లేదు.

ఆమె ఏమీ నిర్ణయించుకోలేదు. నిర్ణయం అంటే మాటలు కావాలి, ఆ మాటలు ఇంకా రాలేదు. కాళ్లు మాత్రం నడిచాయి. తట్ట మోస్తున్న మనిషి పక్క నుంచి, చేద లాగుతున్న మగ్దలేనమ్మ పక్క నుంచి నడిచాయి. మగ్దలేనమ్మ భుజం ఆమె భుజానికి తగిలింది. వెనక చెట్టు కింద అత్త ఏదో అన్నది. వినబడలేదు.

గద్దె అంతా ఎండకు కాలుతున్నది. అత్త కూర్చున్న మేర మాత్రం ఇంకా కాలలేదు.

"లే" అన్నాడు బుచ్చిరాములు. ఆమె ఇంకా కూర్చోనే లేదు.

నర్మద పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, బావికి వీపు పెట్టి, అక్కడ కూర్చుంది.